ఉద్యోగం మాని గేదెలు కొనేవారికి

ఈమధ్య తనిఖీకి వెళ్ళిన సంఘాలలో ఒకే మాట వింటున్నాము. "మావాడు పట్నంలో ఉద్యోగం మానేసి వస్తానంటున్నాడు, పది గేదెలకు అప్పు పుడుతుందా అండీ?"

మానవద్దని మేము అనము. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు రైతు కుమారుడైన డాక్టర్ కల్లం అంజిరెడ్డి గారు ప్రభుత్వరంగ ఐ.డి.పి.ఎల్.లో ఉద్యోగం వదిలినవారే. 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ స్థాపించారు. అయితే మధ్యలో యూనిలాయిడ్స్, స్టాండర్డ్ ఆర్గానిక్స్ అనే రెండు కంపెనీలను నడిపి, మందుల తయారీలో చేయి తిరిగిన తర్వాతనే ఆ పని చేశారు. మనవాడు కనీసం పేడ తీసి ఉండాలి గదా!

గేదె ఈనిన తర్వాత సుమారు 10 నెలలు పాలిచ్చి వట్టిపోతుంది. ఈనిన గేదెలను పదింటినీ ఒకే నెలలో కొంటే, అన్నీ ఇంచుమించు ఒకేసారి వట్టిపోతాయి. పాలడబ్బు ఆగుతుంది, అప్పు కిస్తీ ఆగదు. అందుచేత సగం ఇప్పుడు, మిగతా సగం అయిదారు నెలల తర్వాత కొనాలి.

ఇక మేత. పత్తి, మిరప వేసిన చేలో పశువుకు గడ్డి మిగలదు. వరిగడ్డి బయట కొనవలసిందే. పచ్చిమేతకు కొంత నేల వదలనిదే లెక్క కుదరదు.

ఒక సంఘంలో ఒక కుర్రవాడు ఎనిమిది గేదెలను ఒకేసారి కొని, ఏడాది తిరగకముందే నాలుగింటిని సగం ధరకు అమ్ముకొన్నాడు. అతని దరఖాస్తు మీద సిఫారసు సంతకం మాదే. అప్పటినుంచి దరఖాస్తు తెచ్చినవారిని మేము మొదట అడిగేది, మేతకు ఎన్ని సెంట్లు వదిలారని.