సంరక్షకుడు యజమాని కాడు

బుద్ధి వికాసం తక్కువగా గల బిడ్డలున్న తల్లిదండ్రులను వేధించే ప్రశ్న ఒకటే: మా తరువాత వీరికి దిక్కెవరు?

దివ్య ఖుర్ఆన్‌లోని అన్‌నిసా సూరా 5వ ఆయతు ఇందుకు దారి చూపుతున్నది. ఆస్తిని చక్కబెట్టుకోలేని వారి చేతికి సొమ్ము అప్పగించక, వారికి అన్నవస్త్రాలు సమకూర్చి, మంచిమాట పలకవలెనని దాని భావం. ఇక్కడ ఒక పదం గమనింపదగినది. పోషణ "ఆ సొమ్ము నుండి" అనక, "ఆ సొమ్ములో" అనే అర్థమిచ్చే "ఫీహా" అన్న మాట అరబీ మూలంలో ఉన్నది. అసలు తరగకుండా సొమ్మును వృద్ధిచేసి, వచ్చిన లాభంతో పోషించవలెనని జమఖ్షరీ దీనిని వివరించారు. అనగా వలీ చేతిలోని సొమ్ము అమానతు మాత్రమే. మంచిమాట కూడా ఆజ్ఞయే. అన్నం పెట్టి అవమానించే హక్కు ఎవరికీ లేదు.

మన దేశంలో 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం తల్లిదండ్రులు గాని బంధువులు గాని స్థానిక కమిటీకి దరఖాస్తు చేసి సంరక్షకుని నియామకం కోరవచ్చును. అతడు 6 నెలల్లో ఆస్తి జాబితానూ, ఏటేటా లెక్కలనూ సమర్పించవలెను. నిర్లక్ష్యం చేసినా, సొమ్ము కాజేసినా బంధువులు గాని, నమోదైన సంస్థ గాని అతని తొలగింపు కోరవచ్చును.

తల్లిదండ్రులు బ్రతికి ఉండగానే ఈ ఏర్పాటు జరగవలెను. అందుకు వారికి తోడు నిలవడం జమాఅతు బాధ్యత.