రస్ట్‌లో బిట్ ఫీల్డ్స్: హార్ట్ రేట్ బ్యాండ్ పంపే ఒక్క బైట్‌ని ఎలా చదవాలి?

ఈ మధ్య రస్ట్‌లో ఒక చిన్న యాప్ రాశాను. బ్లూటూత్ హార్ట్ రేట్ బ్యాండ్ నుంచి రీడింగ్ తీసుకుని చూపించడమే దాని పని. రీడింగ్ బాగానే వచ్చింది. కానీ బ్యాండ్ బిగించి కట్టుకున్నా యాప్ మాత్రం "బ్యాండ్ పెట్టుకోలేదు" అనే అంటోంది. సెన్సర్ పోయిందేమో అని రెండు రోజులు బ్యాండ్‌నే తిట్టుకున్నా. తీరా చూస్తే తప్పు నా కోడ్‌దే!

బ్లూటూత్ స్టాండర్డ్ ప్రకారం హార్ట్ రేట్ డేటాలో మొదటి బైట్ పేరు ఫ్లాగ్స్. అందులో ఏముంటుందంటే:

• 0వ బిట్: హార్ట్ రేట్ విలువ 8 బిట్లా, 16 బిట్లా
• 1, 2 బిట్లు: సెన్సర్ చర్మానికి తగులుతోందా. 3 అంటే తగులుతోంది, 2 అంటే లేదు. 0 లేదా 1 అంటే ఆ ఫీచరే లేదు
• 3వ బిట్: ఖర్చయిన ఎనర్జీ వివరం ఉందా
• 4వ బిట్: గుండె చప్పుళ్ల మధ్య గ్యాప్ వివరం ఉందా

సీ లాంగ్వేజ్‌లో అయితే ఫీల్డ్ పక్కన కోలన్ పెట్టి ఎన్ని బిట్లో రాసేస్తాం. రస్ట్‌లో ఆ సౌకర్యం లేదు. "రెపర్(ప్యాక్డ్) ఉందిగా?" అంటారేమో, నేనూ అదే అనుకున్నా. అది ఫీల్డ్స్ మధ్య ఖాళీ బైట్లను తీసేస్తుంది అంతే, బిట్లను కలపదు. నాలుగు బూల్ ఫీల్డ్స్ పెడితే నాలుగు బైట్లే అవుతాయి.

మరి దారేంటి? స్ట్రక్ట్ ఫ్లాగ్స్(యు8) అని ఒకే బైట్‌తో స్ట్రక్ట్ డిక్లేర్ చేసి, ఒక్కో ఫీల్డ్‌కి ఒక్కో మెథడ్ రాసుకోవడమే. సెన్సర్ ఫీల్డ్‌కి ఇలా:

చదవడానికి: (బైట్ >> 1) & 3
రాయడానికి: (బైట్ & !(3 << 1)) | ((విలువ & 3) << 1)

రాసేటప్పుడు ముందు పాత బిట్లను చెరిపేయాలి. లేదంటే పాత 1లు అలాగే మిగిలిపోతాయి.

నా బ్యాండ్ పంపిన బైట్ 00010110. ఒక బిట్ కుడికి జరిపి 3తో మాస్క్ చేస్తే 3 వస్తుంది, అంటే చేతికి ఉన్నట్టే. నేనేమో జరపకుండా "బైట్ & 6 == 3" అని రాశా. ఎడమవైపు 0, 2, 4, 6 తప్ప ఇంకేమీ రావు, ఇక 3 ఎక్కడి నుంచి వస్తుంది? కంపైలర్ ఏమీ అనలేదు. కార్గో క్లిప్పీ రన్ చేస్తే మాత్రం ఆ లైన్ దగ్గరే ఎర్రర్ చూపించింది. మొదటి రోజే రన్ చేసి ఉంటే సరిపోయేది.

ఫీల్డ్స్ ఎక్కువైతే ఈ మెథడ్స్‌ని మాడ్యులర్-బిట్‌ఫీల్డ్, బిట్‌ఫీల్డ్-స్ట్రక్ట్ లాంటి క్రేట్స్ తయారుచేసి ఇస్తాయి. కానీ ఒక్కసారైనా చేత్తో రాయండి. అప్పుడే ఏ బిట్ ఎక్కడుందో బుర్రకెక్కుతుంది.