అవుటైన రోజు అభిమానం

పెద్ద క్రికెటర్ ఎవరైనా ఆట నుంచి తప్పుకున్న రోజున మనమంతా మహా మంచివాళ్లలా కనిపిస్తాం. 2012 ఆగస్టు 18న హైదరాబాద్‌లో వి.వి.ఎస్. లక్ష్మణ్ రిటైర్మెంట్ ప్రకటించినప్పుడూ అంతే. న్యూజిలాండ్ సిరీస్‌కు ఎంపికైన జట్టులో ఆయన పేరుంది. మరో అయిదు రోజుల్లో ఉప్పల్‌లో, సొంతగడ్డ మీదే టెస్టు మొదలవుతోంది. ఆ ఒక్క మ్యాచ్ ఆడి, దండలు వేయించుకుని పోదామని ఆయన చూడలేదు. 134 టెస్టులు, 8,781 పరుగులు, కోల్‌కతాలో ఆస్ట్రేలియా మీద ఆడిన ఆ 281. ఇంత ఇచ్చి వెళ్లే మనిషి గురించి పాతబస్తీ ఇరానీ హోటల్లో మాట్లాడుకున్నా, సికింద్రాబాద్ చర్చి వీధిలో మాట్లాడుకున్నా మాట మెత్తగానే ఉంటుంది. అక్కడితో ఆగితే పేచీ లేదు. కానీ మనం ఇంకో అడుగు వేసి, ‘చూశారా, క్రికెట్ మతాలను కలిపేసింది’ అంటాం. నా అభ్యంతరమల్లా ఆ అడుగు మీదే. వీరుడి మీద అభిమానం నిజమే కావచ్చు, అంతమాత్రాన అది మతాల మధ్య గౌరవానికి రుజువు కాదు. వీడ్కోలు రోజున ఎవరూ ఏమీ పోగొట్టుకోరు. ఆటగాడు ఓడిన రోజున, అందులోనూ తన మతంవాడు కాని ఆటగాడు ఓడిన రోజున, అభిమాని నోట ఏ మాట వస్తుందో అది చూడాలి.

ఇందుకు హైదరాబాద్ చరిత్రలోనే గట్టి ఉదాహరణ ఉంది. అబ్బాస్ అలీ బేగ్ 1959లో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతుండగా, ఇంగ్లండ్ పర్యటనలో ఉన్న భారత జట్టు నుంచి పిలుపు వచ్చింది. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆడిన తొలి టెస్టులోనే 112 కొట్టాడు. 1960 జనవరిలో బొంబాయి బ్రబోర్న్ స్టేడియంలో ఆస్ట్రేలియా మీద రెండు ఇన్నింగ్స్‌లోనూ అర్ధసెంచరీ చేస్తే, ఒక యువతి మైదానంలోకి పరుగెత్తుకొచ్చి అందరూ చూస్తుండగానే ముద్దు పెట్టింది. అదే ఏడాది డిసెంబర్‌లో, అదే బ్రబోర్న్‌లో పాకిస్తాన్‌తో సిరీస్ మొదలైంది. బేగ్ మూడు టెస్టుల్లో నాలుగు ఇన్నింగ్స్ ఆడి మొత్తం 34 పరుగులు చేశాడు. కుర్రాడికి ఫాం పోయిందని ఊరుకోవలసిన విషయం. ఊరుకోలేదు. ముస్లిం కాబట్టి కావాలనే ఆడలేదంటూ ఆయనకు ఉత్తరాలు వచ్చాయి. జట్టులో చోటు పోయింది. మళ్లీ టెస్టు ఆడేసరికి 1966-67 సీజన్ వచ్చింది. పరుగులు లేనివాణ్ణి తప్పించడం సెలక్టర్ల పని, దాన్ని తప్పుపట్టలేం. ఆ ఉత్తరాలు రాసినవాళ్ల మాటేమిటి? వాళ్లలో కొందరైనా జనవరిలో చప్పట్లు కొట్టే ఉంటారు. ఆ చప్పట్లలో కపటం ఉందని నేననను. పరుగులకు కట్టిన ప్రేమ అది, పరుగులతోనే పోయింది.

అది పాత కాలం అనుకుంటే, 2021 అక్టోబర్ 24న దుబాయ్‌లో పాకిస్తాన్ చేతిలో భారత్ పది వికెట్ల తేడాతో ఓడిన రాత్రిని గుర్తు చేసుకోవాలి. ఓడింది పదకొండు మంది, తిట్లు మాత్రం ఏరి మరీ మహమ్మద్ షమీకి. ఉత్తరం రాయాలంటే కాగితం, తపాలా బిళ్ల కావాలి. ఫోన్‌లో తిట్టడానికి అదీ అక్కర్లేదు. కెప్టెన్ కోహ్లీ ఆ వారంలోనే విలేకరుల ముందు, మతం పేరుతో మనిషిని తిట్టడం కన్నా నీచం లేదన్న అర్థంలో గట్టిగా మాట్లాడాడు. దీని పక్కన లక్ష్మణ్ చివరి విదేశీ పర్యటనను పెట్టి చూడండి. 2011-12లో ఆస్ట్రేలియాలో నాలుగు టెస్టులూ ఓడాం, ఆయన చేసినవి 155 పరుగులు. విమర్శకులు దయ చూపలేదు. వయసైపోయింది, పాదాలు కదలడం లేదు, కుర్రాళ్లకు చోటివ్వాలి అన్నారు. కటువైన మాటలే, కానీ అన్నీ ఆట గురించినవే. ఆయన దేశభక్తిని ఎవరూ తూకం వేయలేదు. గౌరవమంటే మెతకదనం కాదని ఇక్కడే గమనించాలి. అజారుద్దీన్ మీద 2000లో మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలు వచ్చాయి, బోర్డు జీవితకాల నిషేధం విధించింది, 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. 99వ టెస్టులో సెంచరీ కొట్టిన మనిషికి నూరో టెస్టు లేకుండా పోయింది. ఆ ఆరోపణల మీద ఎంత నిష్ఠూరంగానైనా మాట్లాడవచ్చు. ఆ వంకతో ఒక మతం మీదికి వెళ్లిన మాట మాత్రం విమర్శ కాదు.

‘అసలు ఆటలో మతం ఊసెందుకు? ఆటకు మతం లేదు కదా’ అనేవారున్నారు. సదుద్దేశంతోనే అంటారు. ఆటకు లేదు గానీ ఆటగాడికి ఉంటుంది. దాన్ని డ్రెస్సింగ్ రూం బయట చెప్పులతో పాటు విడిచి రమ్మనడం గౌరవం అనిపించుకోదు. ముస్లిం అయిన దక్షిణాఫ్రికా ఆటగాడు హషీం ఆమ్లా తన చొక్కా మీద బీరు కంపెనీ గుర్తు వద్దన్నాడు, బోర్డు సరేనంది. 2006లో ఒక వ్యాఖ్యాత మైకు ఆగిందనుకుని ఆయన గడ్డం చూసి ‘టెర్రరిస్టు’ అన్నాడు, ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 2022 జనవరిలో యాషెస్ గెలిచాక, షాంపేన్ చిమ్ముతుంటే ఆస్ట్రేలియా ముస్లిం ఆటగాడు ఉస్మాన్ ఖవాజా పక్కకు తప్పుకున్నాడు. అది గమనించిన కెప్టెన్ కమిన్స్ సీసాలు దించమని సైగ చేసి, ఖవాజాను వేదిక మీదికి పిలిచాడు. ఆస్ట్రేలియన్లేమీ మతం మార్చుకోలేదు, షాంపేన్ మానేయనూ లేదు. ఒక్క నిమిషం ఆగారు.

ఇక బలమైన అభ్యంతరం ఒకటుంది. వీరాభిమానం కొంతైనా మనసు మార్చదా? మారుస్తుందనడానికి ఆధారమే ఉంది. ఫుట్‌బాల్ ఆటగాడు మహమ్మద్ సలా లివర్‌పూల్‌లో చేరాక ఆ ప్రాంతంలో ద్వేష నేరాలు దాదాపు 16 శాతం తగ్గాయని, ఆ క్లబ్ అభిమానుల ముస్లిం వ్యతిరేక ట్వీట్లు సగానికి పడిపోయాయని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు లెక్కగట్టారు. సలా గోల్ కొట్టి మైదానంలోనే నుదురు నేలకు ఆనించి సజ్దా చేసేవాడు, అంటే మతాన్ని దాచుకోలేదు. దీన్ని నేను కొట్టిపారేయను. అయితే ఆ పరిశోధకుల్లో ఒకరైన సల్మా మూసా ఇరాక్‌లో చేసిన మరో పరిశోధనను కూడా చదవాలి. ఐసిస్ దాడుల్లో ఇళ్లు వదిలిన క్రైస్తవుల ఫుట్‌బాల్ జట్లలో కొన్నింటికి ముస్లిం ఆటగాళ్లను కలిపారు. కలిసి ఆడినవాళ్లు ఆ సహచరులతో నెలల తర్వాత కూడా కలిసి సాధన చేశారు. కానీ మైదానం బయట, ముక్కూముఖం తెలియని ముస్లింలతో మెలగడంలో అంతటి మార్పు రాలేదు. తెలిసిన మనిషి మీద ఏర్పడిన ప్రేమ తెలియని మనిషి దాకా దానంతట అది వెళ్లదన్నమాట. ఉత్తరప్రదేశ్‌లో కులాల మధ్య క్రికెట్ లీగులు పెట్టి చూసిన మాట్ లోవ్ ఇంకో సంగతి కనిపెట్టాడు. ఒకే జట్టులో ఆడితే స్నేహాలు పెరిగాయి, ప్రత్యర్థులుగా ఆడితే ఆ మేలు కలగలేదు. మన చరిత్రలోనూ ఈ తేడా కనిపిస్తుంది. బొంబాయిలో 1946 దాకా హిందువులు, ముస్లింలు, పార్సీలు, యూరోపియన్లు, మిగతావారు అని మతాలవారీ జట్లతో పెంటాంగ్యులర్ టోర్నీ నడిచింది. మన సి.కె. నాయుడు హిందువుల జట్టుకు పెద్ద ఆకర్షణ. స్టేడియం నిండేది, మతాల మధ్య గోడ మాత్రం అలాగే ఉండేది. అదే కాలంలో, 1937-38లో, హైదరాబాద్ తొలిసారి రంజీ ట్రోఫీ గెలిచింది. కెప్టెన్ ఎస్.ఎం. హుసేన్, ఒక్క వికెట్ తేడాతో గట్టెక్కించింది పార్సీ అయిన ఎదుల్జీ ఐబరా అజేయంగా చేసిన 137. తర్వాతి తరంలో భారత జట్టులో పటౌడీ నవాబు కెప్టెన్సీ కింద జయసింహ ఆడాడు, హైదరాబాద్ జట్టులో అదే నవాబు జయసింహ కింద ఆడాడు.

వీరుడి మీద ప్రేమకూ, పొరుగువాడి మీద గౌరవానికీ మధ్య ఉన్న తేడా హైదరాబాద్ శివారు బాచుపల్లి లాంటి చోట రోజూ కనబడుతుంది. పదిహేను ఇరవై ఏళ్ల కింద పొలాలున్న చోట ఇప్పుడు గేటెడ్ కమ్యూనిటీలు. గోదావరి జిల్లాల నుంచి, పాలమూరు నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఒకే లిఫ్ట్ ఎక్కుతారు. 2025 ఆగస్టు 4న ఓవల్‌లో బౌలర్ మహమ్మద్ సిరాజ్ చివరి వికెట్ తీసి 6 పరుగుల తేడాతో టెస్టు గెలిపిస్తే పండగ చేసుకోని టవర్ ఉండదు. అదే టవర్‌లో ఫ్లాట్ అద్దెకిచ్చేటప్పుడు బ్రోకర్‌ను ముందుగా పేరు అడిగే ఓనర్లూ ఉంటారు. ఆటోడ్రైవర్ కొడుకైన సిరాజ్ మనవాడు, ఆ పేరే ఉన్న సాఫ్ట్‌వేర్ కుర్రాడు మాత్రం ‘మా అసోసియేషన్ ఒప్పుకోదండీ’. ఇది సిరాజ్‌తో పోయేది కాదు, ఆయన ఇంకో నూరు వికెట్లు తీసినా సరే.

ఈ వివక్షను పోగొట్టే దారి ఇంతకన్నా చిన్నది, ఎక్కువ ఓపిక కోరేది. బాచుపల్లికి మరీ దూరం కాని లింగంపల్లి అకాడమీకి క్రికెటర్ తిలక్ వర్మ చేరిన కథ అందరికీ తెలిసిందే. ఎలక్ట్రీషియన్ కొడుకు. బార్కస్ మైదానంలో టెన్నిస్ బంతితో ఆడుతుంటే కోచ్ సలాం బయాష్ కంట పడ్డాడు. దాదాపు 40 కిలోమీటర్లు ఆ పిల్లవాణ్ణి తన బండి మీద కూర్చోబెట్టుకుని అకాడమీకి తెచ్చేవాడాయన. అలా మనిషికి మనిషి దగ్గరయ్యే వీలు బాచుపల్లిలోనూ ఉంది. ఇక్కడ ఇంటింటికీ దగ్గర్లో బాక్స్ క్రికెట్ టర్ఫ్‌లు వెలిశాయి, శనివారం రాత్రి ఫ్లడ్‌లైట్ల కింద ఒక్క స్లాట్ దొరకదు. ఆ టోర్నీల జట్లను చాలాచోట్ల ఊళ్లవారీగా, స్నేహాలవారీగా, ఒకే భాష మాట్లాడే గుంపులవారీగా కట్టుకుంటారు. నిర్వాహకులు పేర్లన్నీ ఒక డబ్బాలో వేసి చీటీలు తీస్తే సరి. తొలి ఏడాది సణుగుతారు, కప్పు గెలిచిన జట్టు కాస్త తక్కువ సణుగుతుంది. ఆ పైన క్యాచ్ వదిలేసినప్పుడు ఎవరు ఎవర్ని ఏమని తిడతారో వినొచ్చు.