లోహమునకు కిరణపరీక్ష

కంసాలి బంగారమును పుటమువేసి దాని మేలిమి తెలిసికొనును. అణుశక్తి కేంద్రములలో వాడు ఉక్కును పరీక్షించు టెట్లు? ఈ సంగతిని మా చదువరులకు సులభముగా తెలుప నెంచితిమి.

అణుయంత్రము నడుచునపుడు న్యూట్రానులను కణములు వేగముగా వెడలి చుట్టునున్న ఉక్కును తాకును. అందువలన ఉక్కులోని పరమాణువులు తమ స్థానములనుండి తొలగును. వానిలో పెక్కు మరల సర్దుకొనును; సర్దుకొనని చోట్ల ఖాళీలు మిగిలి, గుమిగూడి, సూక్ష్మరంధ్రములగును. అప్పుడు లోహ ముబ్బును. స్కాట్లండులోని డౌన్‌రే అణుయంత్రమున వాడిన ఉక్కులో ఇట్టి రంధ్రములున్నట్లు 1967లో వెల్లడియయ్యెను.

అమెరికాలో మొదట 40 ఏండ్లకు అనుమతి పొందిన అణుకేంద్రములు పెక్కింటికి 60 ఏండ్లవఱకును, కొన్నింటికి 80 ఏండ్లవఱకును గడువు పొడిగింపబడినది. అంతకాలము ఉక్కు నిలుచునా యని ముందుగా తెలియవలెను గదా! నిజమైన యంత్రములో పరీక్షింప ఏండ్లు పట్టును. పైగా ఆ ముక్క రేడియోధార్మికమై చేత పట్టరానిదగును. కావున శాస్త్రజ్ఞులు వేగవర్ధక యంత్రముతో బరువైన అయానులను ఉక్కుపై ప్రయోగింతురు. ఏండ్ల హాని గంటలలోనో దినములలోనో కలుగును. ముక్కయు సాధారణముగా రేడియోధార్మికము కాదు.

ఇట్టి పనికై మిచిగన్ విశ్వవిద్యాలయమువారు ఆన్ ఆర్బరు పట్టణమున 1986లో అయాను కిరణ ప్రయోగశాలను నెలకొల్పిరి. కాని ఒక్క కిరణము చాలదు. ఏలయన, అణుయంత్రములోని ఉక్కునందు హీలియము, హైడ్రోజను వాయువులుకూడ పుట్టును. హీలియము రంధ్రములు నిలిచి పెరుగుటకు తోడ్పడును. అందుచే 2010 తరువాతి దశాబ్దమున అచ్చట 30 లక్షల వోల్టుల యంత్రమును చేర్చిరి. 17 లక్షలు, 4 లక్షల వోల్టుల యంత్రములు దానికి తోడై, ఇనుము, హీలియము, హైడ్రోజను అయానులను ఒకే ముక్కపై ఒకేమారు ప్రయోగించుట సాధ్యమయ్యెను. మన దేశమున కల్పాక్కములోను 17 లక్షల వోల్టుల యంత్రముతో ఇట్టి పరిశోధన జరుగుచున్నది.

అయితే ఈ దగ్గరిదారికి రెండు లోపములు కలవు. బరువైన అయానులు కొద్ది మైక్రానుల లోతువఱకే చొచ్చును. అది తలవెండ్రుక మందమునకంటె ఎంతయో తక్కువ. మఱియు హాని త్వరగా కలుగుటచే పరమాణువులకు సర్దుకొను వ్యవధి చాలదు. అందుచే పరీక్షాకాలమున ఉక్కును కొంత ఎక్కువ వేడిమిలో నుంచుదురు. ఫలితమును నిజమైన అణుయంత్రమునుండి తెచ్చిన ముక్కలతో పోల్చి చూతురు.

విద్యార్థులారా, ఈ పోల్చిచూచుటయే అన్నిటికంటె ముఖ్యమని మా తలంపు. వేగముగా వచ్చిన ఫలితమును సరిచూడక నమ్మినచో, ఆ ఉక్కు ప్రక్కన పనిచేయువారి ప్రాణములకే అపాయము.