నీరు విప్పెడు ముడులు

బోధను ప్రాంతపు రైతు నరికిన చెఱకును జాగుచేయక గానుగకు చేర్పవలెనని తొందరపడుట మనము చూచుచునే యుందుము. దీనికి కారణమేమి? చెఱకులోని చక్కెర యణువు ద్రాక్షశర్కర, ఫలశర్కర యను రెండు భాగముల కూడిక. నరికిన చెఱకు నిలువయున్నకొలది, అందలి ఎంజైములును పులుపును తోడ్పడగా, నీరు ఆ రెంటిని కలిపిన ముడిని విప్పును. దీనికే జలవిశ్లేషణమని పేరు. అట్లు విడిపోయిన చక్కెర పలుకు కట్టదు, బెల్లము గట్టిపడదు. నిజాము కాలమున శక్కర్‌నగరున వెలసి 2015వ సంవత్సరమున మూతపడిన కర్మాగారము వంటి చోట్ల రసమునకు సున్నము కలుపుటకు గల కారణములలో నొకటి, పులుపును అణచి ఈ నష్టమును తగ్గించుటయే.

రైతునకు నష్టము కలిగించు ఈ క్రియయే హద్దులో నుంచినయెడల రోగికి మేలుచేయును. 1915లో స్థాపితమైన డిచ్‌పల్లి కుష్ఠువైద్యశాలలో, ఆ కాలపు వైద్యము ననుసరించి, హిడ్నోకార్పసు నూనెను సూదిద్వారా ఎక్కించెడివారు. అట్టి చికిత్సలో రోగులు పలుమార్లు సూదిపోటును సహింపవలసివచ్చెను. నేటికిని ఎన్నియో రోగములకు మందును మాటిమాటికి పొడువవలసియున్నది. ఒక్కమారు ఇచ్చిన మందు కొంచెము కొంచెముగా దినములతరబడి అందినచో ఎంత మేలు!

ఆ ఉపాయమిట్టిది. చక్కెరను సూక్ష్మజీవులచే పులియబెట్టి లాక్టికామ్లమును తీయుదురు. పెరుగునకు పులుపునిచ్చునది ఇదియే. దాని అణువులను, గ్లైకాలికామ్లపు అణువులతో కలిపి, పొడవైన గొలుసుగా కూర్చినచో పాలిమరు అగును. ఆ పాలిమరుతో కంటికానని సన్నని పూసలు చేసి, వానిలో మందును పొదుగుదురు. సూదిద్వారా ఎక్కించిన పిమ్మట శరీరమందలి నీరు పూసలలోనికి చొచ్చి, గొలుసు ముడులను ఒక్కటొక్కటిగా త్రెంచును. పూస సడలినకొలది మందు వెలువడును. మిగిలిన ఆమ్లములు తుదకు బొగ్గుపులుసు వాయువుగను నీరుగను మారును.

వేగమును నిర్ణయించుటలో ముఖ్యమైనవి పాళ్లు. రెండామ్లములును సమపాళ్లైనచో పూసలు కొన్ని వారములలో కరగును. లాక్టికామ్లము హెచ్చినకొలది నీరు చొరబడుట తగ్గి, నెలలు పట్టును. ఇచ్చట నొక చిక్కు కలదు: ముడులు విడుటచే పుట్టిన పులుపు పూస నడుమ నిలిచి, తక్కిన ముడులను మఱింత త్వరగా విప్పును. కావున పూసల పరిమాణమును సయితము చక్కగా ఎంచవలెను.

1989లో అమెరికాలో అనుమతి పొందిన ల్యూప్రొలైడు సూదిమందు ఈ విధమైనదే. ఒక్కమారు ఇచ్చినచో నెలదినములు పనిచేయును. గాయమును కుట్టిన పిమ్మట తీయనక్కఱలేని దారములలో కొన్నియు ఈ జాతివే.

విద్యార్థులారా! ముడిని విప్పుట నీటి స్వభావము. చెఱకునందు దానికంటె ముందుగా పరుగిడవలెను. మందునందు దాని నడకకు కొలత యేర్పఱుపవలెను. రెండింటికిని ఆ స్వభావమును ఎఱుగుటయే మొదటి మెట్టు.