మబ్బును ఆపే కొండ... ఆకు రాల్చే అడవి

ఫిబ్రవరి నెలాఖరు. దోర్నాల, యర్రగొండపాలెం, మాచర్ల... ఎటు వెళ్లినా కల్లాల్లో ఎర్రగా పరిచిన మిరపకాయలే. పక్క చేలో ఆఖరి తీత అయిపోయిన పత్తి కట్టె. ఆ ఘాటుకు తుమ్ముకుంటూ తలెత్తి కొండల వైపు చూస్తే అక్కడా రంగులే! ఒక్క ఆకైనా లేని కొమ్మల చివర కొండగోగు పూల పసుపు, మోదుగ పూల కాషాయం. వాటి వెనక బూడిద రంగులో నల్లమల. అడవి ఎండిపోయిందేమో అనుకుంటారు కొత్తగా చూసినవాళ్లు. ఎండిపోలేదు, ఎండ నుంచి తప్పుకుంటోందంతే.

ఉత్తరాన కృష్ణ, దక్షిణాన పెన్న... ఆ రెండు నదుల మధ్య నిలువుగా పరుచుకున్న తూర్పు కనుమల భాగం నల్లమల. నైరుతి మేఘం పడమటి కనుమలు దాటేసరికే సగం చిక్కిపోతుంది. మిగిలిన సగం శ్రీశైలం వైపు నుంచి ఈ కొండలెక్కుతూ చల్లబడి, ఉన్నది కాస్తా అక్కడే కురిపించేస్తుంది. కొండల మీద ఏడాదికి సుమారు 900 మిల్లీమీటర్ల వాన. ఇవతల మార్కాపురం, గిద్దలూరు, పల్నాడు పల్లెలకు దక్కేది అంతకంటే తక్కువే. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు వస్తే కొంత ఊరట. వేసవి వార్తల్లో ఏటా రెంటచింతల పేరు ఎందుకు వినిపిస్తుందో పల్నాటి సున్నపురాళ్ల మీద చెప్పుల్లేకుండా నడిచినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

వాన నాలుగైదు నెలలు. మిగతా కాలమంతా కరువే. మరి అడవి ఎలా బతుకుతోంది? ఆకుల్లోంచే నీరు ఆవిరవుతుంది కాబట్టి అసలు ఆకులే వదిలేసుకుంటుంది! టేకు, నల్లమద్ది, చిరుమాను, ఏగిస, అందుగ, బిల్లుడు... ఒకదాని వెనక ఒకటి బోడిగా మారతాయి. వాగుల ఒడ్డున మాత్రం తెల్లమద్ది, నేరేడు పచ్చగానే ఉంటాయి. కింద మిరప చేనుకు ఒక్క తడి తప్పితే రైతు గుండె జారిపోతుంది. పైన చెట్టు ఏ బోరూ లేకుండా జూన్ దాకా ఆగుతుంది.

ఈ ఆగడంలో తపసి చెట్టుది పై చేయి. పేరుకు తగ్గట్టే రాళ్ల మధ్య తపస్సు చేస్తున్నట్టుంటుంది. తెల్లటి బెరడు వెన్నెల్లో మెరుస్తుంటే భయమేస్తుంది కాబోలు, ఇంగ్లిషువాళ్లు దెయ్యం చెట్టన్నారు. దీని బంక నీళ్లు తగిలితే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. మందుల తయారీకీ, కట్టుడు పళ్లు అతికించే పొడికీ కావాలి. చెంచులు తెచ్చిన బంకను గిరిజన సహకార సంస్థ కొంటుంది. పైపైన చెక్కితే గాయం మానిపోతుంది. ఎక్కువ బంక కోసం గొడ్డలితో లోతుగా నరికితే ఆ చెట్టు చచ్చిపోతుంది. మళ్లీ అంత చెట్టు కావాలంటే ఎన్నేళ్లో! ఆ లెక్క చెంచులకు అందరికంటే బాగా తెలుసు. ఎందుకంటే పోయేది వాళ్ల నోటి దగ్గర కూడే.

ఆ అడవిలోనే చిల్లగింజ ఉంది. దాన్ని అరగదీసి బురద నీళ్ల కుండలో కలిపితే మట్టి అడుక్కి దిగి పైన నీరు తేటపడుతుంది. వడపోత యంత్రాలు రాకముందు పల్లెకు అదే యంత్రం. నేలవేముకు దగ్గరి చుట్టమైన ఓ చిన్న మొక్కకైతే శాస్త్రీయ నామంలోనే నల్లమల ఉంది... ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయాన! ఆ పేరు పెట్టింది వృక్షశాస్త్రవేత్త జె.ఎల్. ఎల్లిస్. ఈ కొండల మొక్కలన్నిటి మీదా ఆయన రాసిన గ్రంథాన్ని భారత వృక్ష పరిశోధన సంస్థ 1987, 1990ల్లో రెండు సంపుటాలుగా ప్రచురించింది.

రాలిన ఆకుతోనూ పని ఉంది. వాన జోరుగా పడినా ఆకుల పరుపు మీద నీరు నెమ్మదించి, రాతి పగుళ్లలోకి ఇంకి, ఊటలై వాగుల్లో తేలుతుంది. ఈ కొండల్లోనే పుట్టిన గుండ్లకమ్మ కంభం చెరువును నింపి, మార్కాపురం, అద్దంకి దారిలో సాగి సముద్రంలో కలుస్తుంది. రెండు కొండల మధ్య సందుకు కట్ట వేసి ఆ చెరువును కట్టించింది విజయనగర కాలపు వరదరాజమ్మ అని చెబుతారు. చెరువు తవ్వలేదు, కొండ ఇచ్చిన నీటికి అడ్డం నిలిచారంతే.

వేసవిలో ఆ ఆకుల పరుపుకే నిప్పంటుకుంటుంది. కొత్త తునికాకు చిగురిస్తుందని, పశువులకు గడ్డి మొలుస్తుందని పెట్టే మంట కొంత. దారిన పోయేవాళ్లు పారేసిన బీడీ ముక్క కొంత. పెద్ద చెట్లు తట్టుకుంటాయి. మోకాలెత్తు మొక్కలు మాడిపోతాయి. బోడి నేల మీద పడిన తొలకరి మట్టితో సహా దొర్లుకుంటూ కిందికొస్తుంది. చెరువుకు నీటితోపాటు పూడికా చేరుతుంది. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవిలో అటవీ సిబ్బంది ఏటా ఎండు గడ్డిని చెక్కి అగ్గి గీతలు తీసేది అందుకే.

విచిత్రం చూడండి. మబ్బును అవతలే ఆపేసిన కొండను ఇవతలివాళ్లు చివరికి నీళ్ల కోసం తొలిచారు! శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీటిని ప్రకాశం పశ్చిమ మెట్టకు మళ్లించే వెలిగొండ పథకం అది. 1996లో శంకుస్థాపన జరిగింది. ఒక్కోటి దాదాపు 19 కిలోమీటర్ల జంట సొరంగాలను 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. ఆ సొరంగాలకు పైన, రాతి నెర్రెల్లో వేళ్లు దూర్చుకుని తపసి చెట్లు ఎప్పట్లాగే జూన్ కోసం నిలబడి ఉంటాయి.