గంగ చెంబులో మంచు ఎంత?

మా పెద్దమ్మ కాశీ నుంచి వస్తూ మూతికి మాటు వేసిన చిన్న రాగి చెంబు తెచ్చి దేవుడి గూట్లో పెట్టింది. ఎనిమిదేళ్ల మనవడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, "ఇది హిమాలయాల మీద మంచేనా నానమ్మా?" అని అడిగాడు. "అక్కణ్ణుంచి వచ్చిందేరా" అంది పెద్దమ్మ. వాడికి ఆ జవాబు చాల్లేదు. నిజానికి నాకూ చాల్లేదు.

గంగ ఎక్కడ పుడుతుంది?

ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో గంగోత్రి హిమానీనదం ఉంది. పొడవు సుమారు 30 కిలోమీటర్లు. దాని కింది కొస పేరు గోముఖ్. సముద్ర మట్టానికి దాదాపు 4,000 మీటర్ల ఎత్తున ఆ మంచు అడుగునుంచి ఉరికి వచ్చేది భాగీరథి. ఎవరైనా కష్టపడి ఒక పని సాధిస్తే "భగీరథ ప్రయత్నం" అంటాం కదా, ఆ భగీరథుడి పేరే ఈ నదికి. బదరీనాథ్ పైనున్న సతోపంథ్, భగీరథ్ ఖరక్ హిమానీనదాల నుంచి అలకనంద వస్తుంది. ఈ రెండూ దేవప్రయాగలో కలిశాకే గంగ అనే పేరు. నీటి పరిమాణం చూస్తే అలకనందే పెద్దది. సంప్రదాయం మాత్రం గోముఖ్‌నే పుట్టిల్లుగా ఎంచుకుంది.

గడ్డకట్టిన మంచు నది ఎలా అవుతుంది?

ఎత్తైన లోయల్లో ఒక శీతాకాలం కురిసిన మంచు పూర్తిగా కరగకముందే మరో శీతాకాలం వచ్చేస్తుంది. పొర మీద పొర పడుతుంది. పై బరువుకు అడుగు పొరల్లోని గాలి బయటికిపోయి, దూదిలాంటి మంచు ఏళ్ల తరబడి నలిగి నలిగి నీలి ఛాయ గల గట్టి దిమ్మగా మారుతుంది. ఆ మందం ముప్పై నలభై మీటర్లు దాటిందంటే దిమ్మ తన బరువుకు తానే సాగి, వాలు వెంబడి జారడం మొదలుపెడుతుంది. ఏడాదికి కొన్ని పదుల మీటర్లు కదిలినా అది ప్రవాహమే. "హిమానీనదం" అన్న మాట ఊరికే పుట్టలేదు.

జారుతూ జారుతూ అది అడుగున ఇరుక్కున్న రాళ్లతో కొండను తిరగలిలా విసురుతుంది. ఆ రాతి పిండి నీళ్లలో కలుస్తుంది కాబట్టే గోముఖ్ దగ్గర భాగీరథి స్ఫటికంలా కాక బూడిద కలిపిన పాలలా ఉంటుంది. ఒక సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే తెల్లారేసరికి అడుగున సన్నటి మడ్డి పేరుకుంటుంది. కొండ అరిగిన పొడి అది.

నడిచి వెళ్తే ఏం కనిపిస్తుంది?

గంగోత్రి గుడి నుంచి గోముఖ్‌కు సుమారు 18 కిలోమీటర్ల కాలిబాట. దేవదారు చెట్ల మధ్య మొదలై, చీడ్‌బాసా దాటి, భోజ్‌బాసాకు చేరేసరికి చెట్లు పలచబడతాయి. భోజ్ అంటే మన పాతకాలపు రాతప్రతుల భూర్జపత్రం ఇచ్చే చెట్టు. ఈ దారి గంగోత్రి జాతీయ పార్కులోది. అటవీశాఖ అనుమతి కావాలి, రోజుకు 150 మందినే పంపుతారు. గోముఖ్ ఎత్తులో గాలి పలచన. సముద్ర మట్టంలో దొరికే ప్రాణవాయువులో 60 శాతం పైచిలుకే అందుతుంది. అందుకే తలనొప్పి, వాంతులు. గంగోత్రిలో ఒకటి రెండు రాత్రులు ఆగి ఎక్కమనేది ఇందుకే.

తెల్లటి మంచు గోడను ఊహించుకుని వెళ్లినవాళ్లు నిరాశపడతారు. హిమానీనదం కింది భాగం క్వారీలా రాళ్లతో, మట్టితో కప్పి ఉంటుంది. కాలికింద బండలే కనిపిస్తాయి కానీ లోపలెక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు వినిపిస్తుంది. మనం నిలబడింది కొండ మీద కాదని అప్పుడు తెలుస్తుంది. ఈ రాళ్ల కప్పు రెండు రకాలుగా పనిచేస్తుంది. పలచటి దుమ్మయితే ఎండను పీల్చి మంచును త్వరగా కరిగిస్తుంది. మందపాటి కప్పయితే, ఐసు దిమ్మ మీద రంపపుపొట్టు పోసినట్టు, కరగకుండా కాపాడుతుంది.

దారిలో వాగులు దాటాలంటే పొద్దున్నే దాటమంటారు. రాత్రి చలికి కరగడం తగ్గి, తెల్లవారుజామున మోకాలు దిగువన ఉన్న నీరు, ఎండ ముదిరాక మధ్యాహ్నానికి నడుము దాకా రావచ్చు.

గుడి ఆరు నెలలే ఎందుకు?

గంగోత్రి గుడి అక్షయ తృతీయకు తెరిచి, దీపావళి వెళ్లగానే మూస్తారు. గంగమ్మ ఉత్సవమూర్తి కిందికి, ముఖ్బా గ్రామానికి వెళ్లి శీతాకాలమంతా అక్కడే పూజలందుకుంటుంది. దారులు మంచుతో మూసుకుపోవడం ఒక కారణం. ఇంకో సంగతి కూడా గమనించవచ్చు. మంచు బాగా కరిగే కాలం ఇంచుమించు అదే. నది ఒళ్లు విరుచుకునే వేళకు అమ్మవారు పైకి వస్తుంది, నది సన్నబడే వేళకు దిగిపోతుంది.

మంచు వల్ల నదికి ఏం లాభం?

మన గోదావరి త్ర్యంబకేశ్వరం దగ్గర, కృష్ణ మహాబలేశ్వరం దగ్గర పుడతాయి. రెండింటికీ వానే ఆధారం. అందుకే మే నెలలో రాజమండ్రి దగ్గర ఇసుక తిన్నెలు బయటపడతాయి. గంగకు ఎగువన కొండల మీద ఒక చెరువుంది. నీరు గడ్డకట్టి నిలిచిన చెరువు. దాని తూము సూర్యుడి చేతిలో ఉంది. ఎండలు ముదిరి, వానలు ఇంకా రాని నెలల్లోనే ఆ తూము తెరుచుకుంటుంది.

గోముఖ్ ఎందుకు వెనక్కి జరుగుతోంది?

హిమానీనదం కిందికే జారుతుంటే కొస వెనక్కెలా పోతుంది? కట్టెల పొయ్యిని తలచుకోండి. కట్టెను లోపలికి తోస్తూనే ఉంటాం. మనం తోసే దానికన్నా కాలడం వేగమైతే కట్టె పొట్టిదవుతూ వస్తుంది. ఇక్కడా అంతే. పైనుంచి వచ్చే మంచు కన్నా కింద కరిగేది ఎక్కువైంది. 1935లో కొలతలు మొదలైనప్పటి నుంచి గోముఖ్ సుమారు ఒకటిన్నర కిలోమీటరు వెనక్కి వెళ్లింది. పదుల వేల ఏళ్ల కిందట ఇదే మంచు గంగోత్రి దాటి దిగువకు ఉండేది. ఆ మంచుయుగం దానంతట అది వచ్చి పోయింది. ఇప్పటి వేడికి ప్రధాన కారణం మనం కాల్చే బొగ్గు, చమురు.

మంచు వెనక్కి తగ్గిన చోట వదులు రాళ్ల గట్ల వెనక నీళ్లు నిలుస్తాయి. కేదార్‌నాథ్ పైనున్న చోరాబారీ సరస్సుకు అలాంటి గట్టే ఉండేది. 2013 జూన్‌లో కుండపోత వానలకు అది తెగి, మందాకిని నది ఊరి మీద పడింది.

చివరికి, చెంబులో ఎంత?

దేవప్రయాగ దగ్గర ఏడాది మొత్తం మీద గంగ నీటిలో మంచు కరిగిన పాలు సుమారు 30 శాతమని లెక్క. అక్కడిదాకా రాకముందే గోముఖ్ నీటిని టెహ్రీ డ్యాం ఆపుతుంది. హరిద్వార్‌లో, 1854లో తెరిచిన కాలువ పెద్ద వాటా పొలాలకు మళ్లిస్తుంది. ఆ తర్వాత యమున లాంటి నదులు, వానలు, భూగర్భంలోంచి ఊరే నీళ్లు కలుస్తూ పోతాయి. కాశీ చేరేసరికి గోముఖ్ మంచు వాటా బాగా తగ్గిపోతుంది.

పెద్దమ్మ వెళ్లింది కార్తికంలో. అప్పటి గంగలో ఎక్కువ పాలు వాననీరు, ఊటనీరే. ఈ లెక్కంతా చెబితే మనవడు మొహం వేలాడేశాడు. మంచు పాలు ఎక్కువున్న చెంబు కావాలంటే వైశాఖంలోనో జ్యేష్ఠంలోనో వెళ్లి, దేవప్రయాగలోనే నింపుకోవాలన్నాను. పెద్దమ్మ చెంబు తుడిచి గూట్లో పెట్టి, "వైశాఖానికి టికెట్లు ఎప్పుడు ఇస్తారో కనుక్కో" అంది.